టిక్కు టిక్కుమంటే దరువు తప్పుతోందా?

ఈ వారం టపాలో వచ్చిన ఉత్తరాల్లో ముప్పాతిక మూడొంతులు మామూలువే. ఫలానా హీరోగారి పక్కన ఈసారి ఎవరు? ఫలానా పాటలో వేణువు వాయించింది ఎవరు? ఇలాంటివి. హీరోయిన్ల సంగతి చూసే మహానుభావులు మరో పేజీలో ఉన్నారు లెండి, నాకెందుకు ఆ గొడవ! నా బల్ల మీదికి వచ్చేవి గిటారు తీగలు తెగినవాళ్ళవీ, కీబోర్డు కొనాలని నాన్నగారితో పేచీ పడుతున్నవాళ్ళవీను. వాటి మధ్యలో నలిగిన కాగితం ఒకటి వచ్చింది. ఉన్నదున్నట్టు వేస్తున్నాను, చదవండి.

"సార్, మాది లాల్‌దర్వాజ. ఎనిమిదేండ్ల సంది ఢోలక్ కొడ్తున్న. పెండ్లిళ్ళకు, ఖవాలీలకు, బోనాలకు, ఏడికి పిలిస్తె ఆడికి పోత. మొన్న ఒక స్టూడియోల పాటకు పిలిచిన్రు. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి టిక్కు టిక్కు అని చప్పుడు ఇనిపించిన్రు. ఆ చప్పుడు మీద నా చెయ్యి నిలవలే. అర్ధగంట చూసి, నీకు లయ లేదు, ఇగ పో అన్నరు. నిజంగనే నాకు లయ లేదా సార్? లేదంటె చెప్పున్రి, ఢోలక్ అమ్మేస్త."

ఆ స్టూడియో పేరు కూడా రాశాడు. నేను రాయను. వాళ్ళ తొందర వాళ్ళది, గంటల లెక్కన అద్దె కడుతున్నవాళ్ళు. కాని ఆ చివరి మాట ఉంది చూశారూ, "ఢోలక్ అమ్మేస్త"... అది నన్ను పట్టుకుని వదల్లేదు. గిటారు తీగలవాళ్ళు ఏమీ అనుకోకండి, ఈ వారం ఈ పేజీ మొత్తం లాల్‌దర్వాజ కుర్రాడిదే.

ముందు ఆ టిక్కు సంగతి చెప్పాలి. చాలామందికి తెలియదు, తెరమీద మీరు ఈలలు వేసే పాట వెనకాల ఎవరికీ వినబడని పాట ఒకటి ఉంటుంది. దానికి రాగం లేదు, సాహిత్యం లేదు. టిక్, టిక్, టిక్, అంతే! దాన్ని క్లిక్ ట్రాక్ అంటారు. వాయించేవాళ్ళ చెవుల్లో మాత్రమే మోగుతుంది, మీ దాకా రాదు.

ఇది కంప్యూటర్లతో పుట్టిందనుకుంటే పొరపాటే. సినిమాకి మాటొచ్చినప్పుడే దీనికీ నోరొచ్చింది. 1928లో వాల్ట్ డిస్నీ 'స్టీమ్‌బోట్ విల్లీ' అని మిక్కీ మౌస్ కార్టూను తీశాడు. బొమ్మ కాలు నేలకి తగలడం, డప్పు మోగడం ఒక్కసారే జరగాలి. న్యూయార్కులో పెద్ద వాద్యబృందాన్ని కూర్చోబెట్టి తెరమీద బొమ్మ వేసి వాయించమంటే, బొమ్మ ఒక దారి, బాజా ఒక దారి! మొదటి రికార్డింగు డబ్బులు గంగలో కలిశాయి. రెండోసారి ఫిల్ము మీదే ఎగిరిపడే బంతి గుర్తు ఒకటి వేయించి, ఆ బంతి దెబ్బకి బాజా దెబ్బ కలిపితే అప్పుడు కుదిరింది. కంటికి కనబడే ఆ బంతే తరువాత చెవికి వినబడే టిక్కయింది.

లెక్క చాలా సులువు. సినిమా ఫిల్ము సెకనుకి 24 ఫ్రేములు పరుగెడుతుంది. అంటే నిమిషానికి 1440. ప్రతి 12 ఫ్రేములకీ ఒక టిక్కు పెడితే నిమిషానికి 120 టిక్కులు. 18 ఫ్రేములకి ఒకటి పెడితే 80. మన డాన్సు మాస్టర్లు సెట్లో "వన్ టూ త్రీ ఫోర్, ఫైవ్ సిక్స్ సెవెన్ ఎయిట్" అని అరుస్తారే, ఆ అరుపు కూడా ఈ లెక్కకి చుట్టమే.

ఇప్పుడు మన ఢోలక్ వీరుడి కథకు వద్దాం. నిమిషానికి 80 దెబ్బల పాట అనుకోండి. మూడు నిమిషాలకి 240 దెబ్బలు. ఊపు వచ్చి చెయ్యి 84కి జారిందనుకోండి. వినేవాడికి తెలియనే తెలియదు, హుషారుగా ఉందంటాడు. కాని ఆ 240 దెబ్బలూ 171 సెకన్లలోనే అయిపోతాయి. దాదాపు 9 సెకన్లు ముందే పాట ముగిసింది! ఫ్రేముల్లో చెప్పాలంటే 200కి పైగా. అక్కడ హీరోగారు ఇంకా మెట్లు దిగుతూనే ఉంటారు.

మరి వెనకటి రోజుల్లో ఈ గొడవ లేదా అంటే, ఉంది గాని వేరే రకంగా ఉంది. మద్రాసులో ఒకే హాల్లో వయొలిన్లు, ఢోలక్కులు, తబలాలు, గాయకుడు, గాయని అందరూ కూర్చునేవారు. ఎదురుగా చెయ్యి ఊపేవారొకరు. అందరూ ఒకరి చెయ్యి చూసి, ఒకరి ఊపిరి విని వాయించేవారు. పాట కొంచెం పరుగెత్తితే అందరూ కలిసే పరుగెత్తేవారు కనుక తప్పు తప్పులా ఉండేది కాదు. ఎవరైనా ఒక్కరు బొత్తిగా తప్పారా, అందరూ మళ్ళీ మొదటినుంచి వాయించాల్సిందే. ఆ భయానికే చేతులు కుదురుగా ఉండేవేమో!

తరువాత ట్రాకులు వచ్చాయి. ఒకరు వాయించింది దాచి, దాని మీద మరొకరిని వాయించమనడం వచ్చింది. 1986లో ఇళయరాజా 'పున్నగై మన్నన్'కి కంప్యూటరు తెచ్చిపెట్టారు. మన తెలుగువాళ్ళు 'డాన్స్ మాస్టర్'గా చూశారే, అదే సినిమా. రాజ్–కోటి దగ్గర కీబోర్డు వాయించిన దిలీప్ అనే కుర్రాడు 1992లో 'రోజా'తో ఏ.ఆర్. రెహమాన్ అయి, ఒక్కొక్కరినీ విడివిడిగా పిలిచి రికార్డు చేసే పద్ధతిని ఊరూరికీ పాకించాడు. ఇవాళ ఢోలక్ హైదరాబాదులో, వయొలిన్లు చెన్నైలో, గొంతు ముంబయిలో. ఒకరి మొహం ఒకరు చూడరు. మరి వీళ్ళందరినీ కలిపేది ఎవరు? ఆ టిక్కే! అందరికీ అదొక్కటే తాళం. అందుకని దాని మీద నిలవని చెయ్యి ఎంత గొప్పదైనా ఆ పాటకి అతకదు. స్టూడియోవాళ్ళని నేను పూర్తిగా తిట్టలేకపోవడానికి కారణం ఇదే. "లయ లేదు" అన్నారు చూడండి, ఆ మాటకి మాత్రం తిట్టాలి.

ఒక ఆదివారం చార్మినార్ దగ్గర బస్సు దిగి లాల్‌దర్వాజకి నడిచాను. చార్మినార్ నాలుగు మొహాలకీ నాలుగు గడియారాలున్నాయి, 1889లో పెట్టినవి. కట్టడం 1591ది. అంటే మూడు వందల ఏళ్ళ పాటు ఆ మీనార్లు గడియారం లేకుండానే నిలబడ్డాయన్నమాట! లాడ్‌బజారు, చార్‌కమాన్ వైపు సందుల్లో చెవులు పెట్టుకుని తిరిగితే ఇప్పటికీ అక్కడక్కడ ఒక చప్పుడు వినిపిస్తుంది. ఠక్, ఠక్, ఠక్, ఠక్. వెండి వరఖ్ కొట్టేవాళ్ళ సుత్తి. మిఠాయి మీదా, పాన్ మీదా తళతళలాడే ఆ వెండి రేకు ఊరికే రాదండీ. చిన్న చిన్న వెండి ముక్కల్ని పుస్తకంలాంటి పొరల మధ్య పెట్టి, బరువైన సుత్తితో గంటల తరబడి కొట్టాలి. గట్టిగా ఒక దెబ్బ, మెత్తగా ఒక దెబ్బ అంటే రేకు చిరిగి ఊరుకుంటుంది. తొందరపడితే చెయ్యి అలసిపోతుంది. అందుకని ఆ దెబ్బకీ దెబ్బకీ మధ్య దూరం కొలిచినట్టుంటుంది. మిషన్లు వచ్చాక ఆ పని చేసేవాళ్ళు బాగా తగ్గిపోయారు. అక్కడ నిలబడి ఫోనులో లెక్క చూశాను. చూస్తున్నంతసేపూ ఆ సుత్తి నిమిషానికి ఒకటి రెండు దెబ్బలు అటూ ఇటూగా అక్కడే ఉంది. ఆ పెద్దాయన నన్ను చూసి నవ్వి, "క్యా దేఖ్‌రైఁ మియా?" అన్నాడు. ఏం చెప్పను! మీ లయ కొలుస్తున్నానంటే పోలీసువాడనుకుంటాడు.

కుర్రాడి ఇల్లు దొరికింది. తండ్రి డప్పు. తాత డప్పు. వీడికి మాత్రం చిన్నప్పుడు పక్క వీధి ఖవాలీ విని ఢోలక్ మీద మనసు పోయింది. గోడకి తగిలించిన ఢోలక్ కింద ఒక చీటీ అంటించి ఉంది, దాని మీద ఎంతకి అమ్మాలో అంకె. నేను చదివినట్టు కనబడకుండా మొహం తిప్పుకున్నాను. వాళ్ళమ్మ చాయ్ ఇచ్చి, "జర చెప్పున్రి సారూ, తిండి తింటలేడు" అంది.

"తియ్యి నాయనా ఢోలక్" అన్నాను. నా ఫోనులో మెట్రోనోమ్ పెట్టి 80 మీద ఉంచాను. కహర్వా కొట్టమన్నాను. ధా గె న తి, న క ధి న... ఎంత తియ్యటి చెయ్యండీ! మొదటి నిమిషం టిక్కుకీ దెబ్బకీ వెంట్రుకవాసి తేడా లేదు. ఒకసారి టిక్కు వినబడడమే మానేసింది. ఫోను ఆగిపోయిందేమో అనుకున్నాను. లేదు, వాడి దెబ్బ సరిగ్గా దాని మీద పడి దాన్ని మింగేస్తోంది. గుర్తుపెట్టుకోండి కుర్రకారూ, టిక్కు వినబడుతోందంటే మీరు దానికి ముందో వెనకో ఉన్నారని అర్థం, వినబడకపోతే దాని మీదే ఉన్నారు.

"ఇప్పుడు మీ ఖవాలీలో పాడే చరణం ఏదైనా కూనిరాగం తీస్తూ కొట్టు" అన్నాను. అంతే! చరణం ముగిసి పల్లవి అందుకునే చోట చెయ్యి ఎగిరింది. మరో రెండు చుట్లకి టిక్కు వెనకబడింది. మూడో చుట్టుకి టిక్కు ఒక ఊళ్ళో, ఢోలక్ ఒక ఊళ్ళో. కుర్రాడి మొహం వాడిపోయింది. "చూసిన్రా సార్? గిదే అయింది ఆడ."

నాకు మాత్రం గుట్టు తెలిసిపోయింది. ఖవాలీలో ఏం చేస్తారు? నెమ్మదిగా మొదలుపెడతారు. చప్పట్లు తాళం వేస్తాయి. వినేవాళ్ళకి మత్తు ఎక్కేకొద్దీ చప్పట్లు వేగం పుంజుకుంటాయి. ఢోలక్ వెనకబడితే పాడేవాడు గుర్రుగా చూస్తాడు. 1971లో పద్మశ్రీ అందుకున్న అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ మన హైదరాబాదువారేగా, ఆ పరంపర ఖవాలీ విన్నవాళ్ళని అడగండి, మొదలైన చోటే ముగిసే ఖవాలీ ఉంటుందా అని! బోనాలకి పోతురాజు ముందు తీన్‌మార్ మోగుతుంది. 2011లో పవన్ కళ్యాణ్ సినిమాకి పేరిచ్చిన తీన్‌మార్ ఇదే సుమండీ. అదీ అంతే. పోతురాజు కొరడా ఝళిపిస్తే డప్పు ఎక్కుతుంది, ఆయన ఊపిరి తీసుకుంటే దిగుతుంది. బార్కాస్ వైపు వెళ్తే మర్ఫా. నిజాం సైన్యంలోకి వచ్చిన అరబ్బులూ సిద్దీలూ వెంట తెచ్చిన వాద్యం, ఇప్పుడది లేకుండా పాతబస్తీలో బారాత్ కదలదు. అక్కడా పెళ్ళికొడుకు స్నేహితుల కాళ్ళే తాళం. ఇళ్ళల్లో ఆడవాళ్ళ 'ఢోలక్ కే గీత్' చూడండి. వియ్యపురాలిని ఎగతాళి చేసే దక్కనీ పాటలు. ఢోలక్ చెక్క మీద చెంచాతో ఒకావిడ టకటకమంటూ ఉంటుంది, నవ్వు వచ్చిన చోట పాట ఆగి మళ్ళీ అందుకుంటుంది.

మన కుర్రాడు ఎనిమిదేళ్ళు పెరిగింది ఈ మనుషుల మధ్య. వాడి చెయ్యి మనుషుల్ని వింటుంది. మనిషి ఎక్కితే ఎక్కుతుంది. అది లయ లేకపోవడమా? లయ నిండా ఉండడమండీ! కాకపోతే టిక్కు మనిషి కాదు. దానికి మత్తెక్కదు. దానితో ఉండాలంటే వేరే చదువు కావాలి.

"లయ లేకపోతే మొదటి నిమిషమే తప్పేవాడివి. నీకు లయ ఉంది, కళ్ళెం లేదు. నెలరోజులు ఆగి అప్పుడు అమ్ము" అన్నాను. కుర్రాడు ఏమీ అనలేదు గాని, చీటీ ఉన్న వైపు నడిచి దాన్ని చించి జేబులో పెట్టుకున్నాడు.

ఇంతలో వాడికి ఢోలక్ నేర్పిన ఉస్తాద్‌గారు వచ్చారు. తెల్ల గడ్డం, పాన్ నోరు. సంగతి విని నా ఫోను వైపు ఈగని చూసినట్టు చూశారు. "దేఖో భాయ్‌సాబ్, లయ దిల్‌లో ఉంటది, డబ్బాల ఉండదు. ఈ డబ్బా నేర్పితె పోరడి చెయ్యి మర్ జాతా!" అన్నారు.

ఆయన మాట కొట్టిపారేసేది కాదు. మెట్రోనోమ్ పుట్టినప్పటి నుంచీ ఈ తగవు ఉంది. అసలు దాని పుట్టుకలోనే తగవుంది! 1814లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వింకెల్ అనే ఆయన రెండు బరువుల లోలకంతో ఉపాయం కనిపెట్టాడు. మేల్జెల్ అనే ఆయన అది చూసి, అంకెల పట్టీ తగిలించి, 1815లో తన పేర పేటెంటు పుచ్చేసుకున్నాడు. తరువాత వింకెల్ పక్షాన తీర్పు వచ్చిందిగాని అప్పటికే పేరు మేల్జెల్‌ది అయిపోయింది. ఈ మేల్జెల్ సామాన్యుడు కాదండీ. లోపల మనిషిని దాచి, బయట బొమ్మ చదరంగం ఆడుతోందని జనానికి టిక్కెట్లు అమ్మినవాడు! మన సినిమా ఫీల్డులో ఉండాల్సినవాడు. చెవుడు వచ్చిన బీథోవెన్‌కి చెవి గొట్టాలు చేసిపెట్టింది కూడా ఈయనే. ఆ బీథోవెన్ 1817లో తన ఎనిమిది సింఫనీలకీ మెట్రోనోమ్ అంకెలు వేశాడు. అందులో కొన్ని ఎంత వేగమంటే, రెండు వందల ఏళ్ళయినా పెద్ద పెద్ద విద్వాంసులు "ఇలా వాయించమనే అన్నాడా, అంకె తప్పు చదివాడా" అని కొట్టుకుంటూనే ఉన్నారు.

ఇదంతా ఉస్తాద్‌గారికి చెప్పలేదు లెండి. "మీరు నేర్చుకునేటప్పుడు తాళం ఎవరు పట్టేవారు?" అని అడిగాను.

"నగ్మా!" అన్నారు వెంటనే. హార్మోనియం మీదో సారంగీ మీదో ఒకే చిన్న ట్యూను తిప్పి తిప్పి వాయిస్తూ ఉంటే, దాని మీద తబలావాడు తన పని చేసుకోవడం. దాన్నే లెహరా అనీ అంటారు. "మా ఉస్తాద్ ఒక్క నగ్మా పెట్టి గంట కూసోబెడుతుండె. నగ్మా కదలొద్దు, నేను కదలొద్దు."

"మరి అది డబ్బా కాదా ఉస్తాద్?"

ఆయన పాన్ నమలడం ఆపి నన్ను చూశారు. నవ్వారు. "హై తో సహీ. మగర్ ఉస్మే సుర్ హై మియా! మీ డబ్బాల ఏమున్నది?"

అదీ నిజమే. మన కర్ణాటక సంగీతంలో గురువుగారు ఆదితాళం ఎనిమిది క్రియలు చేతితో వేయిస్తూ అదే వరుసని ఒకటో కాలం, రెండో కాలం, మూడో కాలం పాడిస్తారు. తాళం కదలదు, పాట రెట్టింపవుతుంది. ఆ పద్ధతికి ఈ టిక్కు పరాయిది కాదు. తొడ మీద చెయ్యి చేసే పనే ఇది చేస్తోంది, ప్రాణం లేకుండా.

ఉస్తాద్‌గారికి పట్టుదల వచ్చింది. ఢోలక్ తన ముందుకి లాక్కుని, "పెట్టుండ్రి మీ డబ్బాను" అన్నారు. 80 పెడితే ఆయనకి నవ్వులాట. 120, 160... ఫోను అలసిపోయేట్టుంది. అప్పుడు ఆయనే అన్నారు, "ఎంత తక్కువకు పోతది అది?" 30కి దించాను. రెండు సెకన్లకి ఒక్క టిక్కు. టిక్... ... టిక్... ... మధ్యలో ఒక మనిషి ప్రేమలో పడి బయటికి రావచ్చు, అంత ఖాళీ! "అరే బేటా, నువ్వు కొట్టు దీని మీద" అన్నారు కుర్రాడితో. 120కి బెదరని కుర్రాడు 30 దగ్గర నాలుగు దెబ్బలకే బోర్లా పడ్డాడు. టిక్కు రాకముందే దెబ్బ పడుతోంది. ఉస్తాద్‌గారు మాత్రం కళ్ళు మూసుకుని, ఆ రెండు సెకన్లలో మనసులో చిన్న చిన్న మాత్రలు నింపుకుంటూ, సరిగ్గా టిక్కు మీద ధా వేశారు. పది సార్లకి పది సార్లూ. "ఖాళీని నింపుడు రావాలె. జల్దీ కొట్టుడు అందరికి వస్తది."

మీరు మీ గిటారు మీద, కీబోర్డు మీద చేసి చూడండి. 30 దగ్గర ఎవరి రంగు ఏమిటో తేలిపోతుంది.

పెద్దవాళ్ళ కబుర్లు మొదలైతే పాతబస్తీలో ఆగవు కదా. విలంబంలో ఖాళీ నింపడమంటే బడే గులాం అలీ ఖాన్‌దే అన్నారు ఉస్తాద్‌గారు. 'మొఘల్ ఎ ఆజమ్' (1960) చూసినవాళ్ళకి ఆ గొంతు తెలుసు. దిలీప్ కుమార్ ఈకతో మధుబాల మొహం నిమిరే సన్నివేశం వెనకాల వినిపించేది ఆయనే. పాడనని తప్పించుకోవడానికి పాటకి 25,000 రూపాయలు అడిగితే కె. ఆసిఫ్ సరేనన్నాడని ఈనాటికీ చెప్పుకుంటారు. వెయ్యి రూపాయలు పెద్ద పారితోషికంగా ఉన్న కాలం అది! ఆ మహాగాయకుడు 1968లో మన హైదరాబాదులో, బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో కన్నుమూశారు. సమాధి పాతబస్తీ దాయిరా మీర్ మోమిన్‌లోనే ఉంది. చార్మినార్ చూడ్డానికి వచ్చే మనవాళ్ళలో నూటికి ఒక్కరైనా అటు వెళ్తారా? హైదరాబాదు రేడియోలో తబలా వాయించిన ఉస్తాద్ షేక్ దావూద్ పేరు చెప్పినప్పుడయితే పెద్దాయన రెండు చెవులూ పట్టుకున్నారు. దావూద్‌గారు 1992లో పోయారు. ఆ చేతుల్ని ఏ టిక్కు కొలుస్తుంది చెప్పండి.

సరే, కుర్రాడికి మేమిద్దరం కలిసి ఒక పద్ధతి కుదిర్చాం. ఉస్తాద్‌గారు డబ్బాకి ఒప్పుకున్నారు గాని షరతు మీద. రోజుకి ఇరవై నిమిషాలే డబ్బా, మిగతాదంతా నగ్మా. మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటి వారం 60 మీద. సెకనుకి ఒకటి. ఒకే ఠేకా, అలంకారాలు బంద్. తప్పు రాని వేగం ఏదో అక్కడ మొదలుపెట్టాలి గాని, రావాలనుకున్న వేగం దగ్గర కాదు. కుర్రకారు అందరూ బోల్తా కొట్టేది ఇక్కడే. సినిమా పాట 130లో ఉందని మొదటిరోజే 130 పెట్టుకుని, తప్పుల్ని కంఠస్థం చేస్తారు! వరుసగా మూడుసార్లు శుభ్రంగా వస్తే నాలుగు అంకెలు పైకి. తప్పితే నాలుగు కిందికి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

తరువాత టిక్కుల్ని సగానికి తగ్గించాలి. 80లో వాయిస్తూ డబ్బాని 40లో పెట్టడం. అంటే రెండు దెబ్బలకి ఒక్క టిక్కు. ఇంకా కుదిరాక, కొన్ని చుట్లు టిక్కు మోగించి, కొన్ని చుట్లు దాని నోరు మూసి, మళ్ళీ తెరిచినప్పుడు మీరెక్కడున్నారో అదెక్కడుందో చూసుకోవాలి. ఫోనుల్లో ఇప్పుడు ఈ సదుపాయం ఉచితంగానే దొరుకుతోంది. ఇది అన్నిటికంటే మంచి మందు అని నా అనుభవం. టిక్కు లేనప్పుడు కూడా టిక్కు లోపల నడవాలి, రికార్డింగులో నిలబెట్టేది అదే.

మన కుర్రాడి జబ్బు ప్రత్యేకం కనుక మందు కూడా ప్రత్యేకం. పల్లవి అందుకునే చోటు ఒక్కటే వాడికి గండం. అందుకని మొత్తం పాట వద్దు, ఆ నాలుగు చుట్లే తీసుకోమన్నాను. చరణం చివర, తీహాయి, పల్లవి మొదలు. ఎవరిదైనా ఇంతే. తేలిక చోట చెయ్యి పరుగెత్తుతుంది, కష్టమైన చోట కాళ్ళీడుస్తుంది, శబ్దం పెంచినప్పుడు వేగం కూడా పెరుగుతుంది. గట్టిగా కొట్టడం వేరు, తొందరగా కొట్టడం వేరు అని చేతికి చెప్పాలి. ఫోనులోనే రికార్డు చేసుకుని మర్నాడు పొద్దున్న వినమన్నాను. వాయించిన వెంటనే వింటే అందరికీ తమది ముద్దొస్తుంది.

మూడో వారం మళ్ళీ వెళ్ళాను. ఇరవై రోజుల్లో అద్భుతాలు జరగవు, సినిమాల్లో తప్ప. కాని పల్లవి అందుకునే చోట కుర్రాడు ఇప్పుడు ఎగరడం లేదు. ఎగరబోయి, పెదవి కొరుక్కుని ఆగుతున్నాడు. ఆ పెదవి కొరకడం కూడా పోవాలి. ఎందుకంటే, కళ్ళెం చెవికి వినబడుతోంది. దరువు కాస్త బిగుసుకుంది. ఉస్తాద్‌గారు భయపడింది అదే. ఆయన నా వైపు చూశారు, నేను నేల చూశాను. "ఉండనియ్యుండ్రి. ముందు గట్టిపడతది, తర్వాత మెత్తబడతది. కొత్త చెప్పు లెక్క" అన్నారు ఆయనే. డబ్బాని ఈగని చూసినట్టు చూసిన మనిషి!

ఆ మాటకి ముందురోజే వాడు బోనాల తొలి రిహార్సల్‌కి వెళ్ళి వచ్చాడట. అక్కడ డప్పులతో కలిసినప్పుడు మళ్ళీ మామూలుగానే ఎక్కాడా, డబ్బాలాగా బిర్రబిగుసుకున్నాడా అని అడిగాను. వాళ్ళ నాన్న జవాబు చెప్పాడు. "ఆడ ఎక్కిండు సార్. ఆడ డబ్బా ఏడుంటది?"

వచ్చే నెలలో మరో స్టూడియోలో కబురుంది. పెద్ద పాటేమీ కాదు, చిన్న సినిమాకి పెళ్ళి పాట. కాసెట్టుల కాలంలో కూడా ఢోలక్ వాళ్ళ పేర్లు అట్ట మీద వేసిన పాపాన పోలేదు, ఇప్పుడు అసలు అట్టే లేదు. కుర్రాడికి దాని బెంగ లేదు. నన్ను బస్సు దాకా దిగబెట్టడానికి వస్తూ అడిగిందల్లా ఒకటే. "సార్, హెడ్‌ఫోన్ రెండు చెవులకు పెట్టుకోవాల్నా?" ఒక చెవికే పెట్టుకో నాయనా, అదీ టిక్కు చప్పుడు మైకులోకి కారనంత చిన్నగా పెట్టించుకో, రెండో చెవి నీ ఢోలక్‌కి వదిలెయ్ అని చెప్పాను. ఏ చెవికి అన్నాడు. ఎడమ చేతివైపు గె మోగుతుంది కనుక ఆ చెవి ఖాళీగా ఉంచుకొమ్మన్నాను. అంతలో బస్సు వచ్చింది.